సాయంత్రమయ్యేసరికి మౌస్ ఆగిపోతోంది, పగలంతా బాగానే ఉంటోంది

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 6, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. మాఘమాసం కదా, శుభలేఖల పని ఊపిరి సలపనివ్వడం లేదు. సరిగ్గా ఇప్పుడే మౌస్ మొండికేసింది. వైర్‌లెస్ మౌస్, కొని ఎనిమిది నెలలైంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా చక్కగా తిరుగుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి కర్సర్ ఒకచోట నిలబడిపోతుంది. రెండు మూడు సెకన్లకు ఎగిరి ఇంకోచోట పడుతుంది. ఒక్కోసారి పదిహేను సెకన్ల దాకా అసలు కదలదు. నిన్న ఒక లగ్నపత్రికలో ముహూర్తం వరుస పట్టుకుని జరుపుతుంటే మధ్యలో ఆగి, వధువు తాతగారి పేరు మీద పడింది. ప్రూఫు రెండోసారి చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఐదు వందల కార్డులు పోయేవి.

ఇప్పటిదాకా చేసినవి చెప్తాను. బ్యాటరీ రెండుసార్లు మార్చాను. ప్యాడ్ మార్చాను. రిసీవర్ (మౌస్‌తో పాటు వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) క్యాబినెట్ ముందు పోర్టులో ఉండేది, అక్కడ లూజైందేమోనని అన్నీ తీసి వెనక్కి మార్చాను. అయినా అంతే, పైగా కాస్త ఎక్కువైంది. విండోస్ 10. కీబోర్డు వైరుది, దానికి ఏ ఇబ్బందీ లేదు. కొత్తది కొనడానికి అభ్యంతరం లేదు, కానీ కొత్తది కూడా ఇలాగే చేస్తే? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 6, రాత్రి 9:20

అన్నా, కొనుడు సంగతి తర్వాత. ముందుగాల రెండు పరీక్షలు చెయ్యిండ్రి.

ఒకటి. మౌస్ ఆగిన టైములనే కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూడుండ్రి. దాని లైటు ఆరుకుంట వెలుగుకుంట ఉన్నదంటే కంప్యూటర్ మంచిగనే ఉన్నట్టు, ఒక్క మౌసే ఆగినట్టు. లైటు గట్లనే ఉండిపోయిందంటే సిస్టమే హ్యాంగైంది, మౌసును తిట్టి లాభం లేదు.

రెండు. ఇటుది అటు, అటుది ఇటు. మీ మౌస్, దాని రిసీవర్ రెండూ తీస్కపోయి పక్క షాపు సిస్టమ్‌కు పెట్టుండ్రి. వాళ్ల మౌస్ తెచ్చి మీదానికి పెట్టుండ్రి. రెండూ సాయంత్రం టైములనే చెయ్యాలె, పొద్దుగాల చేస్తే ఏం తెల్వది. నా దుకాణంల ఇరవై ఏండ్ల సంది చేస్తున్న పని ఇదే. సగం రోగాలు గిక్కడనే బయటపడతయ్.

బ్యాటరీ ఏది వేసిండ్రు? ఛార్జింగ్ పెట్టుకునేదా, మామూలుదా?

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 6, రాత్రి 9:41

ధన్యవాదాలండీ. అన్న కాదు, అక్కా అనండి. బ్యాటరీ మొదట ఛార్జింగ్‌ది వేశాను, తర్వాత మామూలు ఆల్కలైన్ వేశాను. తేడా ఏమీ లేదు. మీరు చెప్పిన రెండూ రేపు సాయంత్రం చేస్తాను.

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 6, రాత్రి 9:48

తప్పైంది అక్కా. బ్యాటరీ ఎందుకడిగిన్నంటే ఛార్జింగ్‌ది సుమారు 1.2 వోల్టులే ఇస్తది. ఆల్కలైన్ కొత్తది 1.5. కొన్ని మౌసులు 1.2ను చూసి బ్యాటరీ అయిపోయిందనుకుంటయ్. మీరు రెండూ వేసి చూసిండ్రు కాబట్టి బ్యాటరీని పక్కకు పెట్టేద్దాం.

పల్లెబడి_టీచరు · ఫిబ్రవరి 6, రాత్రి 10:05

అక్కా, కారణం దొరికేలోపు పని ఆగకూడదు కదా. ఇది గుర్తుంచుకోండి. మా బడి ల్యాబులో మౌస్ చచ్చిపోయిన సిస్టమ్ ముందు కూర్చున్న పిల్లలకి మొదట నేర్పేది ఇదే.

ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడూ ఒకేసారి నొక్కండి. మౌస్ కీస్ ఆన్ చేయమంటారా అని పెట్టె వస్తుంది, ఎస్ అనండి. ఇక నమ్ లాక్ వెలిగి ఉన్నంతసేపూ కుడివైపు అంకెల మీటలే మీ మౌస్. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకి, 6 కుడికి, మూలలకి 7, 9, 1, 3. మధ్యలో 5 నొక్కితే క్లిక్. ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. రైట్ క్లిక్ కావాలంటే ముందు మైనస్ నొక్కి తర్వాత 5. మళ్లీ మామూలు క్లిక్‌కి రావాలంటే స్లాష్. సున్నా నొక్కితే వస్తువు పట్టుకున్నట్టు, చుక్క నొక్కితే వదిలినట్టు.

శుభలేఖ అంతా దీంతో కట్టలేరు గానీ ఫైలు సేవ్ చేసి, ప్రింటు ఇచ్చి, ఎదురుగా కూర్చున్న పెళ్లివారిని పంపించడానికి సరిపోతుంది. అదే మూడు మీటలు మళ్లీ నొక్కితే ఆగిపోతుంది.

నిశాచరి · ఫిబ్రవరి 6, రాత్రి 11:58

నాదీ ఇలాంటి బాధే, వేరే థ్రెడ్ తెరవకుండా ఇక్కడే అడుగుతున్నా. హైదరాబాద్‌లో ఇంటి నుంచి నైట్ షిఫ్ట్ చేస్తాను. ఆఫీసు ల్యాప్‌టాప్, వైర్‌లెస్ మౌస్. మీటింగ్‌లో పది నిమిషాలు మౌస్ ముట్టుకోకుండా ఉంటే, తర్వాత కదిపినా నాలుగైదు సెకన్లు ఉలుకూ పలుకూ ఉండదు. క్లిక్ చేస్తే అప్పుడు లేస్తుంది. మ్యూట్ తీయడానికి వెతుక్కునేలోపు నన్ను అడిగిన ప్రశ్న ఇంకొకరు చెప్పేస్తున్నారు.

పల్లెబడి_టీచరు · ఫిబ్రవరి 7, ఉదయం 6:30

నిశాచరి గారూ, మీది అక్కది ఒకటి కాదు. మీది నిద్ర జబ్బు. కొంచెంసేపు పని లేకపోతే కరెంటు ఆదా కోసం విండోస్ ఆ యూఎస్‌బీ పోర్టుని నిద్రపుచ్చుతుంది.

కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, దాని కింద చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్. అక్కడ యూఎస్‌బీ సెట్టింగ్స్ విప్పితే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటుంది. బ్యాటరీ మీద, ఛార్జర్ మీద, రెండు చోట్లా డిజేబుల్ చేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ వరుస కనబడదు. అప్పుడు విండోస్ మీట పట్టుకుని ఎక్స్, తర్వాత ఎం నొక్కితే డివైస్ మేనేజర్ వస్తుంది. చివర్లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద యూఎస్‌బీ రూట్ హబ్ ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలో టిక్ తీసేయండి. రూట్ హబ్‌లు రెండు మూడు ఉంటే అన్నిటికీ తీయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అంటున్నారు, మార్చడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటే మీ ఐటీ వాళ్లనే అడగాలి.

మౌసుకి కూడా సొంత నిద్ర ఉంటుంది, బ్యాటరీ మిగుల్చుకోవడానికి. అది మాత్రం క్లిక్ చేస్తే క్షణంలో లేస్తుంది. నాలుగైదు సెకన్లు పడుతోందంటే పోర్టు మీదే అనుమానం.

నిశాచరి · ఫిబ్రవరి 7, ఉదయం 7:10

మొదటిది కనబడలేదు. రెండోది చేశాను, ఐటీ వాళ్లు తాళం వేయలేదు. ఈ రాత్రి షిఫ్ట్ చూసి చెప్తాను మాస్టారూ.

కడప_కుర్రోడు · ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 1:15

అన్నా, నాది వైరు మౌస్. వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటే పని చేస్తాది, వదిలితే ఆగిపోతాది. టంగ్ టంగ్‌మని పీకినట్టు, పెట్టినట్టు సౌండ్ వస్తా ఉండాది. ఒకసారి యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్ అని కూడా వచ్చింది. డ్రైవర్ ఏమన్నా మార్చాల్నా?

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 2:02

తమ్మీ, వైరు వంచితే పనిచేస్తదంటే డ్రైవర్‌కు సంబంధమే లేదు. లోపల తీగ తెగింది. నా దగ్గరికొచ్చే వైరు మౌసుల్ల సగానికి సగం గిదే. మౌస్ ముక్కు కాడ వైరు బయటికొచ్చే చోటనే తెగుతది. మనం మౌస్ కదిలిస్తున్నప్పుడల్లా వైరు అక్కడనే వంగుతది కదా.

లోపల నాలుగు తీగలుంటయ్. ఎర్రది 5 వోల్టులు, నల్లది గ్రౌండ్, తెల్లది ఆకుపచ్చది డేటాకు. ఎర్రది గానీ నల్లది గానీ తెగితే మౌస్ లైటే ఆరిపోతది. డేటాది తెగితే లైటు ఉంటది, కర్సర్ రాదు, నాట్ రికగ్నైజ్డ్ అని మెసేజొస్తది. నీకు మెసేజొచ్చింది కాబట్టి డేటా తీగ అనుకుంటున్న. సోల్డరింగ్, అంటే సీసం కరిగించి తీగలు అతికించుడు, చేత్తవా?

కడప_కుర్రోడు · ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 2:20

పాలిటెక్నిక్ రెండో సంవత్సరం అన్నా, ఈసీఈ, ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. ల్యాబులో సోల్డరింగ్ ఐరన్ ఉండాది.

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 2:45

ఇంకేంది మరి. స్క్రూ అడుగున స్టిక్కర్ కిందనో, కాళ్ల లెక్క అతికించిన నున్నటి ముక్కల కిందనో దాగి ఉంటది. మెల్లగ లేపు, మళ్ల అతికించాలె. విప్పినంక బోర్డు మీద ఏ రంగు తీగ ఏ పిన్నుకు పోయిందో ఫోన్ల ఫోటో తీస్కో. చీప్ మౌసులల్ల రంగులు పద్ధతి ప్రకారం ఉండవు, ఎర్రది ఉన్న చోట ఎర్రదే పెట్టు, నేను చెప్పిన లెక్క నమ్మకు. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి, యూఎస్‌బీ పిన్ను ఒక కొస, బోర్డు పిన్ను ఒక కొస పట్టి వైరును వంచుకుంట చూడు. బీప్ ఆగిన తీగే తెగింది. ముక్కు కాడ నుంచి ఒక ఐదు సెంటీమీటర్లు కోసి పారేసి, మిగిలిన మంచి వైరుకు తీగలు ఒలిచి మళ్ల అతికించు. వైరు బయటికొచ్చే కాడ లోపల ఒక ముడేయ్, గుంజినప్పుడు బలం ముడి మీద పడాలె, అతుకు మీద పడొద్దు.

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 7, రాత్రి 9:15

రెండు పరీక్షలూ చేశాను. ఆరూ ఇరవైకి మౌస్ ఆగింది. నమ్ లాక్ లైటు చక్కగా ఆరుతూ వెలుగుతూ ఉంది. సిస్టమ్ హ్యాంగ్ కాదు. పక్కన జిరాక్స్ షాపు వాళ్ల వైరు మౌస్ తెచ్చి పెట్టాను, ఎనిమిది దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. నా మౌస్ వాళ్ల దగ్గర పెట్టి చూశాను. అదీ ఆగలేదు!

అంటే మౌసూ మంచిదే, కంప్యూటరూ మంచిదే. రెండూ కలిస్తేనే, అదీ సాయంత్రం అయితేనే ఈ గొడవ. నాకు బుర్ర పనిచేయడం లేదు.

ఇంకో మాట. వెనక పోర్టులు తడుముతుంటే క్యాబినెట్ చేతికి జివ్వుమంటోంది. ఇది మొదటి నుంచీ ఉంది.

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 7, రాత్రి 9:30

అక్కా, ఆ జివ్వుమనేది మౌస్ కంటే ముందు చూపించుకోవాలె. ఎర్తింగ్ లేదు. కంప్యూటర్‌కు కరెంటు సప్లై చేసే ఎస్‌ఎంపీఎస్‌ల ఫిల్టర్ కెపాసిటర్లుంటయ్, వాటి నుంచి కొంచెం లీకేజీ ఎర్త్ తీగల పోవాలె. ఎర్త్ లేకుంటే అది డబ్బా మీదనే నిలబడతది. 230 వోల్టుల సగం, సుమారు 115 దాకా మీటర్ల చూపిస్తది. కరెంటు చిన్నదే, జివ్వుమంటది, గంతే. కానీ వేరే ఏదన్న వైరు లోపల తగిలిన రోజు మనిషిని కాపాడేది ఆ ఎర్తే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గు మూడో పిన్నుకు నిజంగ తీగ ఉన్నదా లేదా చూపియ్యుండ్రి. చాలా షాపులల్ల సాకెట్టుకు మూడు రంధ్రాలుంటయ్, లోపల తీగలు రెండే ఉంటయ్.

సాయంత్రం వోల్టేజీ పడుతున్నదేమో కూడా చూడమనుండ్రి. నాకైతే గక్కడ అనుమానం.

నిశాచరి · ఫిబ్రవరి 8, ఉదయం 6:05

మాస్టారూ, రాత్రంతా చూశాను. రెండు మీటింగులు, మధ్యలో టీకి వెళ్లి వచ్చాను. తిరిగొచ్చి కదపగానే లేచింది. రూట్ హబ్ టిక్కే కారణం. చాలా థాంక్స్.

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 8, రాత్రి 8:40

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. మీరన్నది అక్షరాలా నిజం. మూడో పిన్నుకి తీగే లేదు, సాకెట్టు వెనక ఖాళీ. మెయిన్ నుంచి పచ్చ తీగ లాగి కలిపాడు. జివ్వుమనడం పూర్తిగా పోయింది. మా పాప సాయంత్రం నా పక్కనే కూర్చుంటుంది, ఇన్నాళ్లు దాన్ని ఆ డబ్బా దగ్గర కూర్చోబెట్టానా అని గుండె ఝల్లుమంది. మీ రుణం తీర్చుకోలేను తమ్ముడూ.

వోల్టేజీ సాయంత్రం 226 చూపించింది. మౌస్ మాత్రం ఆరున్నరకి మళ్లీ ఆగింది.

రేడియో_పిచ్చి · ఫిబ్రవరి 8, రాత్రి 9:25

ఇప్పుడే థ్రెడ్ మొత్తం చదివాను. విశాఖలో ఉంటాను, హామ్ రేడియో, అంటే సరదాగా సొంత రేడియో సెట్టుతో మాట్లాడుకోవడం, నా అలవాటు. అమ్మా, మీ మౌస్ వైర్‌లెస్ అంటే అదొక చిన్న రేడియో స్టేషన్. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంది. చాలా వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ అదే వీధిలో ఉంటాయి. వైరు మౌస్ అక్కడే పెడితే ఆగలేదు, మీ మౌస్ వేరే చోట ఆగలేదు. కాబట్టి మౌసుకీ రిసీవరుకీ మధ్య గాలిలో ఏదో గోల జరుగుతోంది, అదీ సాయంత్రం మొదలవుతోంది.

ఒక పని చేయండి. సాయంత్రం ఆరింటికి మీ షాపులో కొత్తగా ఏమేం ఆన్ అవుతాయో, ఏమేం తగిలిస్తారో ఒక్కటీ వదలకుండా రాయండి. చిన్నదే కదా అని వదిలేయకండి.

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 8, రాత్రి 9:50

రాస్తున్నానండీ. రెండు ట్యూబ్‌లైట్లు. బయట బోర్డు చుట్టూ ఎల్‌ఈడీ దండ. పక్కన జ్యూస్ కొట్టులో మిక్సీ. పాప బడి నుంచి వచ్చి ఫోన్లో వైఫై పెట్టుకుంటుంది. దోమల బ్యాటు ఛార్జింగ్. ఆరింటికి ఆ రోజు పని బ్యాకప్ తీసుకోవడానికి హార్డ్ డిస్క్ తగిలిస్తాను, షాపు కట్టేటప్పుడు తీస్తాను. ఇంతే అనుకుంటా.

రేడియో_పిచ్చి · ఫిబ్రవరి 8, రాత్రి 9:53

హార్డ్ డిస్క్ ఎప్పుడు కొన్నారు? అది పెట్టే పోర్టు లోపల ప్లాస్టిక్ నీలం రంగులో ఉందా? రిసీవర్ ఎంత దూరంలో ఉంది?

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 8, రాత్రి 10:10

జనవరి నెలాఖరున కొన్నాను. కిందటేడు సిస్టమ్ లోపలి డిస్కు పోయి ఆరేళ్ల శుభలేఖల ఫైళ్లన్నీ పోయాయి. పెద్ద కూతురి పెళ్లికి మా దగ్గర కార్డులు వేయించుకున్నవాళ్లు చిన్నమ్మాయి పెళ్లికి వచ్చి, అదే డిజైన్ ఇవ్వమ్మా అంటే ఇవ్వలేక తలదించుకున్నాను. అప్పటి నుంచి డబ్బు కూడబెట్టి కొన్నదిది.

పోర్టు నీలం రంగే. రిసీవర్ దాని పక్క పోర్టులోనే ఉంది. ముందు ఉన్నప్పుడూ రెండూ పక్కపక్కనే, వెనక్కి మార్చినప్పుడూ రెండూ కలిపే మార్చాను. మౌస్ ఎప్పటి నుంచి ఆగుతోందో లెక్క వేస్తే డిస్కు కొన్న తర్వాతే.

రేడియో_పిచ్చి · ఫిబ్రవరి 8, రాత్రి 10:35

అదేనమ్మా. నూటికి తొంభై పాళ్లు అదే.

నీలం రంగు పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పంపుతుంది. అంత వేగంగా తీగల్లో సంకేతాలు మారుతుంటే, ఆ తీగ, కనెక్టర్, డిస్కు పెట్టె అన్నీ సన్నటి యాంటెనాల్లా గోల వెదజల్లుతాయి. ఆ గోల విస్తారమైన పట్టీలో పరుచుకుంటుంది, 2.4 గిగాహెర్ట్జ్ చోటు కూడా అందులోనే ఉంది. ఇది నా ఊహ కాదు. ఇంటెల్ సంస్థే 2012లో దీని మీద కొలతలతో ఒక సాంకేతిక పత్రం ప్రచురించింది. యూఎస్‌బీ 3 పరికరం పక్కన వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పెడితే మౌస్ ఎంత దూరం నుంచి అందుతుందో తగ్గిపోతుందనీ, కర్సర్ తడబడుతుందనీ అందులో ఉంది.

మౌస్ పంపే కబురు చాలా బలహీనం, బ్యాటరీ నెలల తరబడి రావాలి కదా. రిసీవర్ చెవి దగ్గరే ఎవరో కేకలు పెడుతుంటే అవతలి గుసగుస వినబడదు. వెనక్కి మార్చాక ఎక్కువైందన్నారు, దానికీ లెక్క ఉంది. మౌసుకీ రిసీవరుకీ మధ్య ఇనుప క్యాబినెట్ అడ్డం వచ్చింది. గుసగుస ఇంకా తగ్గింది, కేక అంతే ఉంది.

రేపు సాయంత్రం ఇలా చేయండి. మౌస్ ఆగినప్పుడు ముందు కాపీ పాజ్ చేసి చూడండి. తర్వాత కాపీ పూర్తయ్యాక డిస్కుని సేఫ్‌గా ఎజెక్ట్ చేసి, తీగ పీకి చూడండి. ఆ తర్వాత మీ దగ్గర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ ఉంటే, రిసీవర్ దాని కొసకు పెట్టి, డిస్కు నుంచి దూరంగా జరుపుతూ కర్సర్‌ని గమనించండి. ఎక్స్‌టెన్షన్ మామూలు యూఎస్‌బీ 2ది చాలు, మీటరు పొడవుది. కొన్ని మౌసుల పెట్టెలోనే చిన్నది ఇస్తారు, వెతకండి.

కడప_కుర్రోడు · ఫిబ్రవరి 8, రాత్రి 10:50

డిస్క్ తీగకు, రిసీవర్‌కు వంటింట్లో ఉండే అల్యూమినియం ఫాయిల్ చుడితే సరిపోదా అన్నా?

రేడియో_పిచ్చి · ఫిబ్రవరి 8, రాత్రి 11:02

వద్దు తమ్ముడూ. రిసీవరుకి చుడితే మౌస్ కబురు కూడా లోపలికి రాదు. పోర్టు దగ్గర చుట్టిన ఫాయిల్ చిన్న ముక్క చినిగి లోపల పడితే షార్టై పోర్టే పోవచ్చు. గోలని ఆపాల్సింది తీగ లోపలి షీల్డు, అంటే లోహపు తొడుగు, అది తయారీలోనే సరిగా ఉండాలి. మన చేతిలో ఉన్న సులువైన మందు దూరం.

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 8, రాత్రి 11:10

రేడియో సారూ, నేను ఎన్నో వైర్‌లెస్ మౌసులు మంచిగుండంగనే మార్పిచ్చిన కావచ్చు. గిది నాకు తెల్వదు. రేపటి సంది దుకాణంల ముందుగాల ఇదే అడుగుత.

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 9, రాత్రి 9:05

ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఆరింటిదాకా డిస్కు పెట్టలేదు. మౌస్ హాయిగా తిరిగింది. ఆరూ ఐదుకి తగిలించాను. నిమిషం కూడా కాలేదు, కర్సర్ గెంతడం మొదలైంది. కాపీ పాజ్ చేశాను, గెంతుతూనే ఉంది. అప్పుడు మీరు చెప్పింది కాదేమో అని దిగులేసింది. కాపీ అయ్యాక ఎజెక్ట్ చేసి తీగ పీకాను. ఆ క్షణంలోనే కర్సర్ మామూలైపోయింది. మళ్లీ పెట్టాను, ఆగింది. మళ్లీ పీకాను, నడిచింది. మూడుసార్లు అలా చేశాను.

తర్వాత ఎక్స్‌టెన్షన్ తీగ. పాత వెబ్‌క్యామ్‌ది ఒకటి దొరికింది. రిసీవర్ దాని కొసకు పెట్టి, స్కేలు పక్కన పెట్టుకుని చూశాను. డిస్కు తీగకి ఆనించి పట్టుకుంటే కర్సర్ రాయిలా ఉండిపోయింది. ఐదు సెంటీమీటర్ల దూరంలో కదులుతుంది, కానీ మెట్లు మెట్లుగా. ఒక జాన దూరంలో అప్పుడప్పుడు తడబడుతోంది. రెండు జానలు దాటాక నేను ఎంత వేగంగా తిప్పినా చేతి వెంటే వచ్చింది. చేతిలో ఆ చిన్న రిసీవర్ పట్టుకుని దగ్గరికీ దూరానికీ జరుపుతుంటే, కర్సర్ ఆగుతూ నడుస్తూ ఉంటే, కంటికి కనబడని గోల ఎక్కడ దాకా ఉందో చేతికి తెలిసింది. పాప కూడా పట్టుకుని చూసింది.

ఇప్పుడు రిసీవర్‌ని మానిటర్ కాలికి, మౌస్ ప్యాడ్‌కి ఎదురుగా టేపుతో అంటించాను. డిస్కు వెనకే ఉంది. అప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు.

కాపీ పాజ్ చేసినా ఎందుకు ఆగలేదో చెప్తారా?

రేడియో_పిచ్చి · ఫిబ్రవరి 9, రాత్రి 9:40

శుభం అమ్మా. స్కేలు పెట్టి కొలిచారు చూడండి, అదే అసలైన పరీక్ష.

యూఎస్‌బీ 3లో ఫైళ్లు వెళ్లకపోయినా రెండు కొసలూ ఊరికే ఉండవు. లింకు నిద్రలోకి జారేదాకా, ఖాళీ సంకేతాలు అదే వేగంతో పంపించుకుంటూనే ఉంటాయి. అందుకే పాజ్‌తో గోల ఆగలేదు, పీకితే ఆగింది.

ఎక్స్‌టెన్షన్ దొరకనివాళ్లు డిస్కుని నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టుకున్నా ఈ గోల ఉండదు. కానీ ఆలస్యం అవుతుంది. యూఎస్‌బీ 2 మీద సెకనుకు 35 మెగాబైట్ల చుట్టూ వస్తుంది. 40 జీబీ బ్యాకప్‌కి దాదాపు 20 నిమిషాలు. నీలం పోర్టులో మామూలు తిరిగే డిస్కు 110 దాకా ఇస్తే ఆరు నిమిషాల్లో అయిపోతుంది. మీరు చేసిందే మంచి పద్ధతి.

పల్లెబడి_టీచరు · ఫిబ్రవరి 9, రాత్రి 10:15

చాలా నేర్చుకున్నాను. మా బడి సిస్టమ్‌లలో వచ్చేవి కూడా రాసి పెడతాను, ఈ థ్రెడ్ తర్వాత వెతుక్కునేవాళ్లకి.

ఎర్ర లైటు మౌస్ నున్నటి సన్‌మైకా బల్ల మీద, గాజు మీద తడబడుతుంది. మౌస్ అడుగున ఉన్న చిన్న కెమెరా సెకనుకు వందల, వేల ఫోటోలు తీసి, నేల మీది గరుకు ఎటు జరిగిందో పోల్చుకుంటుంది. గరుకే లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. తెల్ల కాగితం ఒకటి కింద పెడితే చాలు. లెన్సు గుంటలో ఒక్క వెంట్రుక పడినా కర్సర్ దానంతట అదే వణుకుతుంది. ఊదండి, పోకపోతే పొడి దూది పుల్లతో తీయండి.

పాత సిస్టమ్‌లలో గుండ్రటి ఆకుపచ్చ పిన్ను మౌసులు ఇంకా ఉన్నాయి. ఊదా రంగుది కీబోర్డుకి, ఆకుపచ్చది మౌసుకి. అవి సిస్టమ్ నడుస్తుండగా పీకి పెట్టేవి కావు. ఆపి, పెట్టి, మళ్లీ వేయాలి.

ఒక్కోసారి షట్‌డౌన్ చేసి వేసినా మౌస్ రాదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఉంది. షట్‌డౌన్ అన్నా లోపలి స్థితిని కొంత దాచుకుని మళ్లీ అదే తెస్తుంది, తప్పుతో సహా. రీస్టార్ట్ అంటేనే అంతా మొదటి నుంచి వస్తుంది. దానికీ రాకపోతే, ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ పెట్టండి. బోర్డు మీద మిగిలిన కరెంటు పోతుంది. ఒక ఎండాకాలం నాలుగు సిస్టమ్‌లు అలా లేచాయి.

వైర్లు కొరికే ఎలుకల సంగతి మాత్రం మా దగ్గర ఇంకా తేలలేదు. సెలవుల ముందు మౌసులన్నీ పీకి బీరువాలో పెట్టడమే చేస్తున్నాం.

కడప_కుర్రోడు · ఫిబ్రవరి 11, సాయంత్రం 5:30

అన్నా, విప్పినా. నువ్వు చెప్పినట్టే ముక్కు దగ్గర తెల్ల తీగ తెగి ఉండాది. పైన ప్లాస్టిక్ బాగానే ఉంది, లోపల రాగి మాత్రం పొడి పొడి అయిపోయింది. బీప్ పెట్టకపోయుంటే కనిపించేదే కాదు. ఐదు సెంటీమీటర్లు కోసి అతికిచ్చి ముడేసినా. మా సారు చూసి అతుకు బాగుందన్నాడు. మౌస్ తిరగతా ఉండాది.

ఓరుగల్లు_రిపేర్ · ఫిబ్రవరి 11, సాయంత్రం 6:10

శభాష్ తమ్మీ. అతుకుల మీద టేపు గానీ వేడి చేస్తే బిగుసుకునే ష్రింక్ గొట్టం గానీ వేసినవా? ఎర్రది నల్లది ఒకదానికొకటి తగిలితే పోర్టు పోతది.

కడప_కుర్రోడు · ఫిబ్రవరి 11, సాయంత్రం 6:14

బోర్డు మీదనే అతికిచ్చినా అన్నా, తీగల మధ్య అతుకు లేదు. ఒకసారి విప్పి మళ్లా చూస్తా.

తెనాలి_డీటీపీ · ఫిబ్రవరి 14, రాత్రి 9:30

ఐదు రోజులైంది, మౌస్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఐదు రోజుల్లో పదకొండు శుభలేఖలు వెళ్లాయి. బ్యాకప్ కూడా ఒక్క రోజూ మానలేదు. మౌస్ ఆగకూడదని ఆ డిస్కు పక్కన పడేసేదాన్నేమో, కారణం అదని ముందే తెలిసి, మందు తెలియకపోయి ఉంటే.

పక్క జిరాక్స్ షాపు వాళ్ల సాకెట్టు కూడా చూపించాం. దానికీ మూడో తీగ లేదు. అదే ఎలక్ట్రీషియన్ రేపు వస్తున్నాడు.